చాయ్ తాగని బేరం

పాత నాణేలు, స్టాంపులు పోగుచేసే కుర్రవాళ్లు ఈమధ్య నా ఫోన్‌కు ఫొటోలు పంపిస్తున్నారు. "దీనికి ఎంత పెట్టొచ్చు అంకుల్?" అని అడుగుతారు. నేను కళ్లజోడు వెతుక్కుని జవాబు కొట్టేలోపే ఆ గ్రూపులో ఇంకొకడు ధర చెప్పేస్తాడు, మూడోవాడు దాన్ని పెంచేస్తాడు, అమ్మేవాడు బొటనవేలు బొమ్మ పెడతాడు. రెండు నిమిషాల్లో బేరం అయిపోతుంది. అమ్మినవాడు నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా కొన్నవాడికి తెలియదు. అది తప్పని నేను అనను, కాలం అట్లా ఉంది. కానీ ఇరవై ఆరేళ్లు ఇదే పనిలో అరిగిపోయి, ఇప్పుడు ఇంటిపట్టున కూర్చున్నవాణ్ణి కనుక ఒక సంగతి చెప్పాలనిపిస్తుంది. బేరానికి కూడా మర్యాద ఉండేది. ఆ మర్యాదను నేను ఒకసారి చేజేతులా చెడగొట్టాను.

మా దుకాణం జనగామ రైల్వే స్టేషన్ దగ్గర ఒక సందులో ఉండేది. మా దుకాణం అంటున్నాను గానీ అందులో నేను జీతగాణ్ణి. యజమానిని ఊరంతా చాచా అనేది, నేనూ అంతే. నిజాం కాలపు నాణేలు, స్టాంపులు, అగ్గిపెట్టె లేబుళ్లు, మిల్లుల్లో పనివాళ్లకు ఇచ్చే ఇత్తడి బిళ్లలు, ఇవీ మా సరుకు. "గీ చెత్త గూడ కొంటరా?" అని మా ఆవిడ కొత్తలో నవ్వేది. రఘునాథపల్లిలో మా నాయిన అయితే చచ్చేదాకా నేను స్టేషన్‌లో టికెట్లు అమ్ముతున్నాననే ఊరివాళ్లకు చెప్పుకున్నాడు. పాత పైసలు అమ్ముతాడని చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు.

దుకాణంలో ఒక బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, ఒక భూతద్దం ఉండేవి. ఆదివారం వస్తే బల్ల చుట్టూ జనం. చాచా నాకు మొదటి నెలలో నాణేల గురించి ఒక్క ముక్క నేర్పలేదు, మాట్లాడే పద్ధతి నేర్పాడు. ఒకరు చేతిలోకి తీసుకున్న వస్తువు గురించి, వాళ్లు దాన్ని తిరిగి గుడ్డ మీద పెట్టేదాకా, పక్కవాడు నోరెత్తకూడదు. కొనేవాడు వస్తువును తిట్టి ధర తగ్గించకూడదు. "పసంద్ లేదంటే పెట్టెయ్, గాలి మాటలొద్దు," అనేవాడు చాచా. అమ్మవచ్చినవాళ్లకు అదేమిటో తెలియకపోతే ముందు అదేమిటో చెప్పాలి, ఆ తర్వాతే ధర. ఎందుకు అమ్ముతున్నావని గానీ, ఎందుకు కొంటున్నావని గానీ అడగకూడదు. పొలంలో దొరికిందని ఎవరైనా నాణేల ముంత తెస్తే చాచా ముట్టుకునేవాడు కాదు, తహసీల్దారు ఆఫీసుకు తోవ చూపించేవాడు.

గంగారం సంతకు వెళ్లినప్పుడు ఇంకో కట్టుబాటు ఉండేది. అక్కడ ఆడవాళ్ల మెడల్లో పాత రూపాయలు గుచ్చిన దండలు కనబడతాయి. ఒంటి మీద ఉన్నదాన్ని ధర అడగకూడదు. వాళ్లంతట వాళ్లు తీసి గుడ్డ మీద పెడితేనే మాట.

అన్నిటికంటే పెద్దది చాయ్. ధర కుదిరాక అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ చాయ్ తాగాలి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరైనా సరే వెనక్కి పోవచ్చు, మొహం మాడ్చుకోకూడదు. తాగాక మాత్రం మాట మారదు. చీటీ లేదు, సంతకం లేదు. ఈ చాయ్ దగ్గర ఎన్ని వేషాలు చూశానో! ఒక దర్జీ, ఒక రైల్వే ఉద్యోగి ఒకే ఒక్క స్టాంపు మీద ఎనిమిది నెలలు బేరమాడారు. ప్రతి ఆదివారం ధర కుదిరేది, చాయ్ వచ్చేది, సగం గ్లాసులో ఎవరో ఒకరు "ఇంకో వారం చూద్దాం" అని కింద పెట్టేవారు. చివరికి ఒకరోజు ఇద్దరూ పొరపాటున మొత్తం తాగేశారు. ఆ తర్వాత రెండు వారాలు ఇద్దరి మొహాల్లోనూ కళ లేదు. మూడో వారం రైల్వే ఆయన అదే స్టాంపు జేబులో పెట్టుకుని వచ్చి, "అమ్ముతా, ఏమంటవ్?" అన్నాడు. దర్జీ మొహం వెలిగిపోయింది. ఆ ఆదివారాలు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది.

ఇక అసలు సంగతి. మహబూబాబాద్‌లో ఒక లెక్కల సారు ఉండేవారు, అప్పటికే రిటైరయ్యారు. ఇత్తడి బిళ్లలంటే పిచ్చి. ఇంటి ముందు గదిలో పెద్ద చెక్క బోర్డు కొట్టించి, వరుసగా మేకులు దిగ్గొట్టి, ఒక్కో గనిది, ఒక్కో మిల్లుది ఒక్కో బిళ్ల తగిలించారు. ఒకే ఒక్క మేకు ఖాళీ. అది మూతబడిన ఒక పాత బొగ్గు గనిది. నన్ను చూసినప్పుడల్లా, "నా మేకు సంగతేందయ్యా?" అని అడిగేవారు. దొరికితే మూడు వేలిస్తానని కూడా చెప్పారు.

ఒకసారి కాళేశ్వరం వెళ్లాను. గోదావరిలో భక్తులు వేసిన పాత పైసలు ఏరుకునేవాళ్ల దగ్గర కొన్ని కొనుక్కుని, తిరుగు దారిలో భూపాలపల్లిలో దిగాను. బస్టాండు ముందు హోటల్‌లో, ఆ గని బిళ్ల కోసం చూస్తున్నానని నలుగురి చెవిన వేశాను. పక్క బల్ల మీద కూర్చున్న ఒకాయన, "మా అన్న గా గనిలనే పని జేసిండు. తర్వాత ఈడికి బదిలయ్యిండు, పాత బిల్లనే ఈడ గూడ నడిచింది. మా వదినె ఇంట్ల ఆ బిల్ల ఉన్నది. నడువు, నేను ఇప్పిస్త," అన్నాడు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు.

చిన్న ఇల్లు, ముందు రేకుల వసారా. ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయి రెండేళ్లని దారిలోనే మరిది చెప్పాడు. "వదినే, జనగామ నుంచి వచ్చిండు. అన్న బిల్ల కొంటడంట. నేను మాటిచ్చిన," అన్నాడు గడపలో నిలబడే. ఆమె నన్ను చూసింది, మరిదిని చూసింది, కుర్చీ వేసింది. తలుపు పక్కన గోడకున్న బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది. అంచులు అరిగి నున్నగా ఉంది. నంబరు వేలికి తగులుతోంది. వెనక తిప్పి చూస్తే సారు వెతుకుతున్న గనే.

చాచా నేర్పినట్టే మాట్లాడాను. "అక్కా, ఇది ఇప్పుడు ఎక్కడా దొరకది. ఇట్లాంటివి పోగుచేసేటోళ్లు ఉన్నరు. ఇత్తడి లెక్కన చూడకు. నీ ధర నువ్వే చెప్పు."

"ఐదు నూర్లు," అంది ఆమె. రెండు వందలు వస్తే గొప్పనుకున్న మరిది నోరు తెరిచాడు.

"సరే అక్కా."

ఆమె అది ఎదురుచూడలేదు. "కాదు కాదు. వెయ్యి. ఆయన గన్ని ఏండ్లు మోసిండు దాన్ని."

"సరే, వెయ్యి."

"ఒక్క మాట మీద ఉండాలె వదినే," అన్నాడు మరిది.

"ఆమె వస్తువు, ఆమెను చెప్పనియ్యి అన్నా," అన్నాను నేను, ఎంతో పెద్దమనిషిలాగా.

"రెండు వేలు," అంది ఆమె. ఈసారి చూపు నా చేతిలోని బిళ్ల మీదే ఉంది.

"సరే అక్కా, రెండు వేలే."

ఆమె ఇంక ధర చెప్పలేదు. నేను మాత్రం నా మంచితనానికి నేనే మురిసిపోతూ కూర్చున్నాను. ఎవడైనా అయితే ఐదు వందలకే బిళ్ల జేబులో వేసుకునేవాడు, నేను చూడు, అడిగినంత ఇస్తున్నాను, చాచా చూస్తే భుజం తట్టేవాడు అనుకున్నాను. ఆమె చాయ్ పెడతానని లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. స్టవ్ మొరాయిస్తోందేమో అనుకున్నాను. చివరికి రెండు కప్పులు తెచ్చింది, ఒకటి నాకు, ఒకటి మరిదికి.

"నీకేదక్కా?"

"ఇంతకుముందే తాగిన అన్నా."

నేను అక్కడే లేచి రావాల్సింది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఆ మాటకు అర్థం నాకు తెలియక కాదు. కానీ సారు బోర్డు మీది ఖాళీ మేకు కళ్ల ముందు కనబడుతోంది. గబగబా తాగి, నోట్లు ఆమె ముందు పెట్టి, బస్సెక్కాను.

జనగామలో చాచా బిళ్లను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. ధర అడిగాడు, చెప్పాను. "అడిగినంత ఇచ్చినవా? శభాష్. చాయ్ తాగిందా ఆమె?"

"తాగింది చాచా."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే అసహ్యం వేస్తుంది. అన్నేళ్లలో చాచాకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. మర్నాడే మహబూబాబాద్ వెళ్లాను. లెక్కల సారు బిళ్ల చూడగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. మూడు వేలిచ్చారు, చాయ్ తాగాం, ఆయనే స్వయంగా మేకుకు తగిలించారు. పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించారు.

మూడు నాలుగు వారాలు గడిచాయి. ఒకరోజు దుకాణం తీసిన కాసేపటికి ఆమె వచ్చి గడప దగ్గర నిలబడింది. పొద్దున్నే భూపాలపల్లిలో బయలుదేరి, హన్మకొండలో బస్సు మారి, పాత పైసల దుకాణం ఎక్కడని అడుగుతూ వచ్చింది. చేతిలో రుమాలు మూట. నన్ను చూసి కాదు, చాచా తెల్లగడ్డం చూసి మాట్లాడింది. "బాపూ, మీ మనిషికి ఒక బిల్ల ఇచ్చిన. జర నాది నాకు ఇప్పియ్యి. పైసలు అట్లనే ఉన్నయి."

చాచా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. "అమ్మబుద్ధి కాలేదా బిడ్డా?"

"కాలే బాపూ. మా మరిది మాటిచ్చి తీస్కొచ్చె. ఇంటికొచ్చినోణ్ణి లేదు పో అని ఎట్లంట? ధర పెంచితె తనే లేసి పోతడనుకున్న. నేను ఎంతంటె గంతకు సరేనంటడు, సరేనంటడు. నా నోటితోని నేనే చెప్తినాయె. ఇగ ఏమనాలె?"

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆమె ధర పెంచింది నన్ను పొమ్మనడానికి. నేను ఒక్కొక్క సరేతో తలుపు మూసేశాను. ఆశపోతు మనిషి ఎదురైతే ఆమె తప్పించుకునేది, నా పెద్దమనిషి తరహా ఆమెకు దారి లేకుండా చేసింది.

చాచా నెమ్మదిగా అడిగాడు. "ఆ రోజు చాయ్ తాగినవా బిడ్డా?"

"గొంతు దిగుతదా బాపూ? ముట్టలేదు."

చాచా నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది. ఆమెకు చాయ్, బిస్కెట్లు తెప్పించాడు. "మా మనిషి తప్పు జేసిండు. నీ బిల్ల నీ ఇంటికొస్తది. అప్పటిదాక పైసలు నీ తాననే ఉండనియ్యి," అని చెప్పి, స్వయంగా బస్సు దాకా వెళ్లి ఎక్కించి వచ్చాడు.

వచ్చాక నాతో రెండే మాటలు. "నువ్వే పో, నువ్వే కొను. కానీ ఆమె బాధ చెప్పి సారు మనసు కరిగియ్యకు. ఆమె బాధ ఆమెది, నీ బేరానికి పనికొచ్చే సామాను గాదు." తేకపోతే ఏమవుతుందో చాచా చెప్పలేదు. ఇంక కొనుగోళ్లకు నన్ను పంపడని నాకే తెలుసు. దానికంటే, ఆమెకు ఆయన మాట ఇచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి మాట నా మూలంగా పోయేట్టుంది.

మహబూబాబాద్‌లో లెక్కల సారు నన్ను చూసి కొత్త సరుకేదో తెచ్చాననుకున్నారు. "సార్, ఆ గని బిళ్ల నాకు కావాలె," అన్నాను.

"అమ్మినోడివి నువ్వే గదయ్యా!"

"ఇయ్యాల కొనెటోణ్ణి సార్. ధర చెప్పండి."

ఆయన నవ్వారు. "ఐదు వేలు."

"సరే సార్."

"పది వేలు."

"సరే."

"పదిహేను వేలు!" ఆయన ఈసారి నవ్వలేదు. తెలియకుండానే ఆయన చెయ్యి బోర్డు మీదికి వెళ్లి ఆ బిళ్లను పట్టుకుంది. నా జీతంలో అదెన్ని నెలలో నాకు తెలుసు, అయినా సరే అనబోయాను. అప్పుడు ఆయన మొహం చూశాను. ఆ మొహం నేను ముందొకసారి చూశాను, భూపాలపల్లి రేకుల వసారాలో. అప్పుడు చూసి కూడా చూడలేదు.

"సార్, మీకు అమ్మబుద్ధి లేదు గదా," అన్నాను.

"లేదయ్యా. ఎంతిచ్చినా లేదు."

"అయితే వద్దు సార్." సంచి భుజానికి తగిలించుకుని లేచాను. ఆమె దగ్గర అనాల్సిన మాట సారు దగ్గర అన్నాను. ఆలస్యంగానైనా నేర్చుకున్నానన్న ఊరట లేదు, ఉత్త చేతులతో చాచా ముందు ఎట్లా నిలబడాలనే దిగులే ఉంది. గడప దాటబోతుంటే సారు పిలిచారు.

"ఆగు. అడగొద్దు గనీ అడుగుతున్న. ఎందుకు గావాలె నీకు?"

ఆమె సంగతి చెప్పొద్దన్నాడు చాచా. నా సంగతి చెప్పొద్దనలేదు. "అమ్మినామె ఆ రోజు చాయ్ ముట్టలేదు సార్. తాగిందని చాచాకు నేనే అబద్ధం చెప్పిన. గా అబద్ధం మీదనే మీకు అమ్మిన."

నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. సారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "అయితే నేను కొన్నట్టే గాదు గదయ్యా," అన్నారు. "తెగని బేరాన్ని నెల దినాల సంది గోడకు తగిలిచ్చుకొని మురుస్తున్న." బోర్డు దగ్గరికి వెళ్లి బిళ్లను మేకు నుంచి తీశారు. తీయడానికి ఎంతసేపు పట్టిందో! తను ఇచ్చిన మూడు వేలు తప్ప ఒక్క రూపాయి ఎక్కువ ముట్టుకోలేదు. నేను బయటికొస్తుంటే వెనక నుంచి, "మళ్ల దొరికితే మాత్రం, అమ్మెటోళ్లు తాగేదాక కూసో," అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్లు ఆ మేకు మీదే ఉన్నాయి. ఆయనంటే నాకు అప్పటిదాకా గౌరవం ఉండేది, ఆ రోజు నుంచి ప్రేమ కలిగింది. ఆ మేకు ఆయన పోయేదాకా ఖాళీగానే ఉంది. చాచా కూడా ఇప్పుడు లేడు. ఆ సందులో మా దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

మర్నాడు భూపాలపల్లి వెళ్లాను. మరిది లేడు, ఆమె ఒక్కతే ఉంది. బిళ్లను ఆమె చేతిలో పెట్టాను. ఆమె లోపలి నుంచి రుమాలు మూట తెచ్చి నా ముందు పెట్టింది. మడతలు కూడా నేనిచ్చినప్పటివే. బిళ్లను కొంగుతో తుడిచి గోడకు తగిలించింది. ఇత్తడి గోడకు తగిలి టక్కుమంది.

నేనేమీ అడగలేదు. ఆమే చెప్పింది. "గనిల దిగేటప్పుడు బిల్ల ఇచ్చి లైటు తీస్కుంటరన్నా. పైకొచ్చి లైటిస్తేనే మళ్ల బిల్ల ఇస్తరు. బిల్ల ఇంటికొచ్చిందంటె మనిషి పైకొచ్చినట్టు. ఆయన ఇంట్లకు రాంగనే ముందుగాల దాన్ని గోడకు తగిలిచ్చెటోడు. నేను పొయ్యి కాడ ఉండి గా సప్పుడు ఇనేదాన్ని. ఇన్నంకనే నా పాణం నిమ్మలమయ్యేది. ఎనకకు తిరిగి సూడకుంటనే తానానికి నీళ్లు తోడేదాన్ని. ఆయన పాణం పోయింది దవాఖాన్ల, గనిల గాదు. అయినా గోడకు బిల్ల లేకపాయె గదా, ఇంక కిందనే ఉన్నట్టనిపిచ్చేది. నెల దినాలు నాకు బువ్వ సయించలే."

నాకు ఏడుపు ఆగలేదు. "తప్పయింది అక్కా," అన్నాను.

"పోనియ్యన్నా. తెచ్చిస్తివి గదా," అంటూ ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి వెనక వైపు బకెట్‌లో నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించింది. పోస్తూ పోస్తూ ఆగిపోయింది. తర్వాత ఆమె తడి చేతులతో బయటికొచ్చింది. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది.

"సూడన్నా నా పిచ్చి! సప్పుడు ఇని నీళ్లు తోడిన. ఎవలకని?" అంది. కొంచెంసేపు వాకిలి వైపు చూసి, "ఇగ ఎట్లనో తోడిననాయె. ఎండల పడి వచ్చినవు. కాళ్లు చేతులు కడుక్కో, బువ్వ తిని పో," అంది.

నేను వెనక వైపు వెళ్లాను. బకెట్ అంచు దాకా నీళ్లున్నాయి, పక్కన రాయి మీద సబ్బు, తువ్వాల పెట్టి ఉన్నాయి. ఆ నీళ్లతోనే కాళ్లు కడుక్కున్నాను.